గోదావరి వరదల పునరావృత్తి గణనము - తీరభూముల వినియోగమున దాని ప్రయోజనము

త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు నడచి సముద్రమున కలియు గోదావరి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల తెలుగువారికి మాత్రమే చెందిన నది కాదు. ప్రాణహిత గోదావరిలో కలియు తావున మహారాష్ట్రములోని సిరొంచ ఉన్నది. శబరీ సీలేరుల సంగమమున ఒడిశాలోని మోటు ఉన్నది. గౌతమీ ముఖమునకు సమీపమున యానాం ఉన్నది. ఈ మూడును తెలుగు మాట తరతరములుగా వినబడుచున్న ఊళ్లే. మూడింటికిని వేర్వేరు ప్రభుత్వములు, వేర్వేరు కచేరీలు, వేర్వేరు పటములు. శ్రావణ భాద్రపదములలో ఎగువను వానలు ముసిరినపుడు మాత్రము మూడును ఒకే నీటి లెక్కకు లోబడియుండును.

ఆ లెక్కనే ఇంజనీర్లు వరదల పునరావృత్తి గణనమందురు. ఒకానొక మట్టమునకు వరద ఎన్నేండ్లకొకమారు రాగలదని అంచనా కట్టుట దాని పని. ఏటి ఒడ్డున ఇల్లు కట్టదలచినవాడు, ఆసుపత్రికి స్థలము చూచు అధికారి, లంకలో అరటి వేయు రైతు, ముగ్గురును అడుగు ప్రశ్న యిదియే. ఆ లెక్క ఎట్లు కట్టబడునో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో, నేలను పంచుకొనుటలో దానిని ఎట్లు వాడవలెనో వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

లెక్కకు మూలము నీటిమట్టపు పట్టిక. ఒక్కొక్క సంవత్సరమున నది చేరిన అత్యధిక మట్టమును మాత్రము తీసికొని, ఏడాదికొక అంకె చొప్పున వ్రాసికొనవలెను. భద్రాచలము వద్ద 1976 మొదలు 2022 వరకు గల 47 ఏండ్లను చూతము. ఈ కాలమున అన్నింటికంటె పెద్దది 1986 ఆగస్టునాటి వరద. ఆనాడు మట్టము 75.6 అడుగులు. తరువాతిది 2022 జూలైలో వచ్చిన 71.3 అడుగులు. మూడవది 1990 నాటి 70.8, నాలుగవది 2006 నాటి 66.9. ఇట్లు పెద్దదానినుండి చిన్నదానికి వరుసకట్టి, ఏండ్ల సంఖ్యకు ఒకటి కలిపి, ఆ మొత్తమును వరుస సంఖ్యచే భాగించినచో పునరావృత్తి కాలము వచ్చును. అనగా 48ని 1చే భాగింపగా 1986 వరదకు 48 ఏండ్లు. 2చే భాగింపగా 2022 వరదకు 24. 1990 వరదకు 16. 2006 వరదకు 12. ఇంత సులభమైన గణితమునకు ఇంజనీరు అక్కరలేదు, పదవ తరగతి బాలుడు చాలును.

సులభమైన లెక్కయే తరచుగా మోసము చేయును. 2021 నాటికి పట్టికలో 46 ఏండ్లు మాత్రమే యుండెను. అప్పుడు 1990 వరద వరుసలో రెండవది. దాని పునరావృత్తి కాలము 23 ఏండ్ల ఆరు నెలలు. ఆ మరుసటి సంవత్సరమే 2022 వరద వచ్చి దాని పైన చేరుటతో అదే 70.8 అడుగుల వరద 16 ఏండ్ల వరదగా మారినది. 1990లో ప్రవహించిన నీటిలో ఒక్క బిందువైనను మారలేదు. మారినది మనకు గల యెరుక. కావున ఒక పటముపై గీచిన వరద గీతను శాశ్వతముగా భావించుట తగదు. ప్రతి పెద్ద వరదకును పిమ్మట ఆ గీతను తిరిగి చూచుకొనవలెను. మన పురపాలక సంఘములలో పటము ఒకమారు గీచిన తరువాత దానిని గోడకు తగిలించి మరచిపోవుటయే ఆచారమగుట విచారకరము.

సూత్రమును మార్చినను అంకె మారును. పై పద్ధతిని వైబుల్ పేర వాడుదురు. అమెరికా దేశపు ఇంజనీరు ఆలెన్ హేజెన్ పేర మరియొక సూత్రము కలదు. ఏండ్ల సంఖ్యను రెట్టించి, వరుస సంఖ్యను రెట్టించి అందొకటి తగ్గించి, దానిచే భాగింపుమని అది చెప్పును. ఆ లెక్కన 1986 వరదకు 48 ఏండ్లు కాక 94 ఏండ్లు వచ్చును! పట్టికలో చిట్టచివరి పెద్ద వరదను గూర్చి లెక్కలు చెప్పు మాట ఎంత బలహీనమో దీనివలన తెలియగలదు. నడిమి వరదల విషయమున సూత్రములన్నియు దాదాపు ఏకీభవించును. ప్రాణములు తీయు వరదలయొద్దనే అవి విడిపోవును.

ఇక 'నూరేండ్ల వరద' అను మాటను గూర్చి. ఇంత అపార్థమునకు గురియైన మాట ఈ శాస్త్రమున మరియొకటి లేదు. 1986లో పెద్ద వరద వచ్చినది గనుక మరల 2086 వరకు భయము లేదని తలచువారు నేటికిని గలరు. నాలుగేండ్లకే 1990లో గోదావరి భద్రాచలమువద్ద 70 అడుగులు దాటి అట్టివారికి బదులు చెప్పినది. నూరేండ్ల వరద యనగా ఏ సంవత్సరమునందైనను రాదగు అవకాశము నూటికి ఒక పాలు గల వరద యని అర్థము. నదికి గతము జ్ఞాపకముండదు. నిరుడు వచ్చినది గనుక ఈయేడు మానదు.

ఆ నూటికొక పాలు చిన్నదిగా తోచును. కాని ఇల్లు ఒక్క యేటికొరకు కట్టుకొనునది కాదు. బ్యాంకు అప్పు తీరుటకు ముప్పదియేండ్లు పట్టుననుకొందము. ఆ ముప్పదియేండ్లలో నూరేండ్ల వరద కనీస మొక్కమారైనను వచ్చు అవకాశము నూటికి 26 పాళ్లు. ఏబదియేండ్ల వరద వచ్చు అవకాశము 45 పాళ్లు. ఇరువదియైదేండ్ల వరదయైనచో 71 పాళ్లు, అనగా వచ్చుటయే సహజము, రాకుండుట అదృష్టము. నూరేండ్లు నిలుచు దేవాలయమో, వంతెనయో అయినచో నూరేండ్ల వరదను చూచు అవకాశము 63 పాళ్లు. స్థలము కొనువానికి దస్తావేజుతోపాటు ఈ నాలుగంకెలును చెప్పినచో ఎన్నో బేరములు ఆగిపోవునని నా నమ్మకము.

47 ఏండ్ల పట్టికనుండి నూరేండ్ల వరదను అంచనా కట్టుట చూచిన దానినిబట్టి చూడనిదానిని ఊహించుటయే. దీనికొరకు గణితజ్ఞులు కొన్ని వక్రరేఖలను కల్పించిరి. ఎమిల్ గుంబెల్ 1941లో వరదల పునరావృత్తి కాలమును గూర్చి ప్రకటించిన విధానము మన దేశమున విరివిగా వాడుకలోనున్నది. అమెరికాలో లాగ్ పియర్సన్ మూడవ రకపు రేఖను వాడుదురు. పట్టికలోని బిందువులగుండ రేఖను లాగి, ఆ రేఖను కాగితముపై ముందునకు సాగదీసి, నూరేండ్లకు ఎదురుగా నున్న ప్రవాహమును చదువుదురు. బిందువులు లేనిచోట రేఖ ఎటు వంగునో చెప్పగలవారు లేరు. మరియు 47 ఏండ్లలో నిజమైన నూరేండ్ల వరద ఒకటి చేరియుండుటకు నూటికి సుమారు 38 పాళ్లు అవకాశమున్నది; చేరియున్నచో అంచనా పైకి పోవును, చేరకున్నచో క్రిందికి దిగును. అందుచే జాగ్రత్త గల ఇంజనీరు ఒకే అంకెను చెప్పక, ఇంతనుండి ఇంతవరకని రెండంకెలు చెప్పును. పటము గీయువాడు ఒక్క గీతనే కోరును. ఆ రెండంకెలలో క్రిందిదానిని ఎన్నుకొనుమని స్థలముల వ్యాపారులు వత్తిడి తెత్తురు. శాస్త్రము అక్కడ ముగిసి లోకవ్యవహారము మొదలగును.

మట్టము వేరు, ప్రవాహము వేరు అను సంగతిని కూడ గుర్తింపవలెను. 2006లో భద్రాచలమున మట్టము 66.9 అడుగులే, కాని ధవళేశ్వరమున ఆనాడు సుమారు 28 లక్షల 50 వేల క్యూసెక్కులు దిగువకు పోయినవి. 2022లో భద్రాచలమున 71.3 అడుగులు నిలచినను ధవళేశ్వరమున ప్రవాహము సుమారు 25 లక్షల 80 వేలకు మించలేదు. ఎగువను నీరెక్కువగా నిలచి, దిగువను తక్కువగా పారినది! శబరి భద్రాచలమునకు దిగువను కూనవరమువద్ద కలియుచు గోదావరిని ఎగదన్నుట ఎప్పుడునున్నదే. పోలవరమున నిర్మాణములో నున్న కట్టడములవలన 2022లో నీరు వెనుకకు ఎగదన్నినదని తెలంగాణ వాదించెను, ఆంధ్రప్రదేశ్ కాదనెను. ఆ వివాదమున తీర్పు చెప్పుట ఈ వ్యాసకర్త పని కాదు. ఒక చోటి గేజి రాయిని చూచి మరియొక చోట ముంపును నిర్ణయింపరాదనుటకు ఈ రెండు సంవత్సరములు చాలిన సాక్ష్యము. మోటు వారికి శబరి ఎగపోటు లెక్క కావలెను, సిరొంచవారికి ప్రాణహిత లెక్క కావలెను. భద్రాచలపు అంకె ఇద్దరికిని సరిపడదు.

ఏటిగట్లు ఈ లెక్కను మరింత చిక్కుపరచును. 1986లోను, 2006లోను గోదావరి డెల్టాలో గట్లు తెగినవి. గండి పడిన చోట ఊళ్లు మునుగును. కాని గండిగుండ నీరు పొలములపైకి పోవుటచే దిగువనున్న ఊళ్లకు మట్టము కొంత తగ్గును. ఆనాటి దిగువ మట్టములు పట్టికలోనికి ఎక్కినపుడు ఆ తగ్గుదలతోనే ఎక్కును. పిమ్మట గట్లను ఎత్తు చేసి గట్టిపరచినచో అంతే వరద మరల వచ్చినపుడు నీరు పొలములమీదకు పోక నదిలోనే యుండి, దిగువకు ఎక్కువ మట్టముతో చేరును. పాత గీతలనుబట్టి తన నేల క్షేమమని యెంచుకొన్న దిగువవాడు మోసపోవును. ఎగువవారి గట్టు దిగువవారి వరద. ఇందులో ఎవరి తప్పును లేదు, కాని లెక్క చెప్పువాడు ఈ సంగతి చెప్పకుండుట తప్పు.

గట్టు వెనుకనున్న నేలకు మరియొక ప్రమాదము కలదు. గట్టు ఉన్నదను ధైర్యముతో అచ్చట ఇండ్లు, గిడ్డంగులు, చేపల చెరువులు పెరుగును. చిన్న వరదలు ఆగిపోవును గనుక ప్రజలకు వరద యనిన అలవాటు తప్పును. గట్టు తెగిననాడు నష్టము గట్టు లేనప్పటికంటె అధికమగును. లంకలలోనివారు ఇందులకు భిన్నులు. ఎర్రనీరు రాగానే పడవను సరిచూచుకొనుట, పశువులను మెరకకు తోలుట, గింజలను అటకకెక్కించుట వారికి ఏటేటి పని. అరుగులు ఎత్తుగా పోసి ఇండ్లు కట్టుకొనుట వారు ఏ ఇంజనీరింగు కళాశాలలోను నేర్చుకొనలేదు. వరద విడిచిపోయిన ఒండ్రు మట్టియే వారికి పంట. ఇట్టి నేలను 'నిషిద్ధ మండల'మని పటముపై ఎర్రరంగు పూయుట ఒక్కటే చాలదు. అచ్చట సేద్యము సాగుటయే ఆ నేలకు ఉచితమైన వినియోగము.

యానాం పరిస్థితి అన్నింటికంటె జటిలము. ధవళేశ్వరము దిగువను నది గౌతమిగను, వసిష్ఠగను చీలును. వసిష్ఠనుండి వైనతేయ విడివడును. అందుచే ఆనకట్టవద్ద లెక్కించిన 35 లక్షల క్యూసెక్కులు, అనగా 1986లో నమోదైన అత్యధిక ప్రవాహము, అంతయు యానాం ముంగిటికి రాదు. అయినను గౌతమి మోసికొనివచ్చు నీటికి సముద్రపు పోటు ఎదురైనపుడు మట్టము పెరుగును. 2022 జూలైలో యానాంలోని పల్లపు పేటలు మునిగినవి. ఇది ఏటి వరద. సముద్రపు వరద వేరొకటి కలదు. 1839 నవంబరులో పొరుగుననే యున్న కోరంగి రేవును తుపాను ఉప్పెన నాశనము చేసినది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను యానాం ప్రాంతమును, కోనసీమను అతలాకుతలము చేసినది.

ఏటి వరద ముఖ్యముగా జూలై మొదలు సెప్టెంబరు వరకు వచ్చును. తుపానులు అక్టోబరు నవంబరులలో మెండు. రెండింటి కారణములు వేరు, ఋతువులు వేరు. యానాంలో ఒక వీధి మునుగునంత మట్టము ఏటివలన ఏబదియేండ్ల కొకమారును, ఉప్పెనవలన ఏబదియేండ్ల కొకమారును వచ్చునని ఉదాహరణమునకు అనుకొందము. అప్పుడు ఆ వీధివారు ఏబదియేండ్ల కొకమారు మునుగుదురా? కాదు. ఏటా రెండింటిని తప్పించుకొను అవకాశము నూటికి 98 పాళ్లలో మరల 98 పాళ్లు, అనగా సుమారు 96. మునుగు అవకాశము ఏటా దాదాపు 4 పాళ్లు. ఆ వీధి ఇరువదియైదేండ్లకొకమారు మునుగును! నది లెక్కను నీటిపారుదల శాఖయు, తుపాను లెక్కను వాతావరణ శాఖయు వేర్వేరుగా వేసి చెప్పినపుడు రెండును సత్యములే. వీధిలోనివానికి రెండును కలిపి చెప్పువారు కావలెను.

నేలను పంచుటలో ఈ అంకెలను ఎట్లు వాడవలెనో మన దేశమున మార్గదర్శకములు లేకపోలేదు. ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రములు, మంచినీటి సరఫరా కేంద్రములు, టెలిఫోను కేంద్రములు, రైల్వే స్టేషనులు, విమానాశ్రయములు నూరేండ్ల వరద మట్టమునకు, లేదా ఎరిగినంతలో అత్యధిక మట్టమునకు పైన ఉండవలెను. ప్రభుత్వ కార్యాలయములు, విశ్వవిద్యాలయములు, గ్రంథాలయములు, నివాసములు ఇరువదియైదేండ్ల వరద మట్టమునకు పైన ఉండవలెను. ముంపు గల తావులలో వాటిని స్తంభములపై ఎత్తి కట్టవలెను. ఉద్యానములకును, ఆటస్థలములకును తరచుగా మునుగు నేలయైనను చాలును. ఈ క్రమమునందలి న్యాయము స్పష్టము. ఇల్లు మునిగినవాడు ఆసుపత్రికి పోవును. ఆసుపత్రి మునిగినచో పోవుటకు చోటు లేదు. కాని ఇండ్లకు ఇరువదియైదేండ్ల మట్టము చాలుననుట నా దృష్టిలో తక్కువ. ముప్పదియేండ్లలో 71 పాళ్లు మునుగు అవకాశము గల గడపను గృహస్థుడు క్షేమమని ఎట్లు పిలువగలడు? స్తంభముల నియమమును తప్పక పాటించినప్పుడే ఆ అంకెకు అర్థము కలదు. ఆ నియమమునే మొట్టమొదట విడిచిపెట్టుదురు.

ఆనకట్టలకు ఈ కొలతలేవియు చాలవు. ఆనకట్ట పొంగి తెగినచో దిగువ ఊళ్లే ఉండవు గనుక దానిని ఊహకందిన మహత్తర వరదకు సరిపడ కట్టవలెను. పోలవరము జలద్వారములు మొదట 36 లక్షల క్యూసెక్కులకు ఉద్దేశింపబడి, తరువాత 50 లక్షలకు పెంచబడినది ఇందుచేతనే. ఆ అంకెను చూచి నదిలో 50 లక్షలు రానున్నవని భయపడుట గాని, ఆనకట్ట 50 లక్షలకు తాళును గనుక తన ఇల్లు క్షేమమని సంతోషించుట గాని రెండును పొరపాట్లే. ఆనకట్ట అంకె కట్టడపు భద్రతకు. గృహస్థుని అంకె వేరు. అట్లే ధవళేశ్వరమున 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులకు ఇచ్చు మూడు హెచ్చరికలును, భద్రాచలమున 43, 48, 53 అడుగులకు ఇచ్చు హెచ్చరికలును ఈ వారము ఇల్లు విడువవలెనా యని నిర్ణయించుటకు; ఇల్లు ఎచట కట్టవలెనని నిర్ణయించుటకు కాదు.

చట్టముల మాట క్లుప్తముగా. వరద భూముల విభజనమునకు కేంద్ర ప్రభుత్వము 1975లో ఒక నమూనా బిల్లును రాష్ట్రములకు పంపినది. మణిపూర్ 1978లో, రాజస్థాన్ 1990లో, ఉత్తరాఖండ్ 2012లో దానిని చట్టరూపమునకు తెచ్చినవి. తక్కిన రాష్ట్రములలో అత్యధికము మిన్నకున్నవి. కారణము ఊహించుట కష్టము కాదు. గీత లోపలి నేలకు ధర పడిపోవును. గీత లోపలివారిలో బీదలే ఎక్కువ. వారికి వేరు చోట నేల చూపక గీత మాత్రము గీయుట వారిని రెండుమారులు ముంచుట. గీతకు వెలుపల పంచదగు మెరక భూమిని ప్రభుత్వము ముందుగా సేకరించియుంచినప్పుడే ఈ చట్టము న్యాయముగా నడచును.

మరియొక సంగతి. ఇంతవరకు చెప్పిన లెక్కలన్నియు గతమున నది ఎట్లున్నదో మునుముందును అట్లే యుండునను ఊహపై నిలచినవి. వాతావరణము వేడెక్కుచుండగా, అతివృష్టి పెరుగుచుండగా, ఎగువను అడవులు, చెరువులు, బ్యారేజీలు మారుచుండగా ఆ ఊహ బలహీనపడుచున్నది. దిగువ గోదావరికి పెద్ద వరదలు ముఖ్యముగా ప్రాణహిత, ఇంద్రావతి, శబరుల నుండియే వచ్చును. ఎగువనున్న జాయక్వాడి, శ్రీరామసాగరముల వంటి జలాశయములు ఆ నీటిని ఆపజాలవు. అందుచే అంచనాకు పైన కొంత అడుగు మిగులు ఉంచుకొని కట్టుట తప్ప గత్యంతరము లేదు.

పట్టికలు గేజి రాళ్లున్న చోట్లనే ఉన్నవి, ఊళ్లలో లేవు. ఊళ్లలోనున్నవి గోడలమీది గీతలు. 1986 నీటి గీతను గుడి స్తంభముపైనో, బడి గోడపైనో చూపగల పెద్దలు యానాంలోను, మోటులోను, సిరొంచలోను ఇంకను ఉందురు. మన సంఘములు ఒక వేసవిలో రెండు వారములు వెచ్చించి ఆ గీతలను సేకరింపవచ్చును. గీతతో పాటు సంవత్సరము, తేదీ, నీరు నిలచిన దినముల సంఖ్య, గట్టు తెగినదా లేదా యను సంగతి వ్రాసికొనవలెను. ఆ గోడ రంగు వేయుటకు ముందే గీతయొద్ద ఒక ఇత్తడి మేకు దిగగొట్టి, సర్వేయరుచే సముద్రమట్టమునుండి దాని యెత్తును కొలిపించవలెను. సున్నము వేసిన తరువాత గీత కనబడదు, మేకు కనబడును.